బాబాయి చదివి పెట్టాడు

ఫిబ్రవరి 9, సోమవారం

వినిపింపు అయిపోయింది. పీడా వదిలింది.

మాకు పని నేర్పిన మాస్టారు ఉన్న రోజుల్లో దీనికి ఒక పూటంతా పట్టేది. ఆసుపత్రుల్లో రోగి నరంలోకి మందు ఎక్కించే పంపుల్లోకి కొత్త కోడ్ వెళ్ళేముందు ఒకరు దాన్ని వరస వరసా పైకి చదవాలి, ఇంకొకరు కళ్ళు మూసుకుని వినాలి. వినేవాళ్ళు స్క్రీన్ చూడకూడదు. విన్నది బుర్రలో బొమ్మ కట్టకపోతే చెయ్యెత్తి ఆపాలి. ఆయన రిటైరయ్యి వెళ్ళిపోయినా ఆచారం మిగిలింది. చదివినవాళ్ళ సంతకం, విన్నవాళ్ళ సంతకం లేనిదే ఏదీ విడుదల కాకూడదని కంపెనీ నిబంధనల్లో రాసి పెట్టి పోయాడు మహానుభావుడు.

ఇప్పుడు కోడ్ బాబాయి రాస్తున్నాడు. టెస్టులూ బాబాయే. ఆ ఏఐకి బాబాయి అని మా సెక్షన్లో ఎవరు పేరు పెట్టారో గాని భలే అతికింది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు. అన్నిటికీ "నేను చూసుకుంటాలేమ్మా" అన్నట్టే ఉంటుంది వాలకం. అందుకని వినిపింపు కోసం కోడ్ సారాంశం కూడా ఆయన్నే రాసిమ్మన్నాను. శుభ్రంగా రాసిచ్చాడు. అదే చదివాను. పంపు గోడ కరెంటు మీంచి బ్యాటరీకి మారినప్పుడు, మళ్ళీ బ్యాటరీ మీంచి గోడ కరెంటుకి వచ్చినప్పుడు మందు వేగం ఏమవుతుందన్న భాగం అది. పక్క సీటు గళ్ళ చొక్కా కుర్రాడు వినే వంతు తీసుకుని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో ఒక కునుకు తీశాడనే నా అనుమానం.

"ఏమైనా అడుగుతావా?" అన్నాను.

"ఏముందక్కా అడగడానికి, కథ చెప్పినట్టు చెప్పావు!"

సంతకాలు పెట్టేసి టీకి వెళ్ళాం.

కోడ్ చదవలేదని కాదు. చూశాను. పైనుంచి కింది దాకా మొత్తం చూశాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పొద్దున్నంతా బాబాయి పనిచేయలేదు. సెక్షన్ మొత్తం టీ మెషీన్ చుట్టూ చేరి, పెళ్ళివారి బస్సు చెడిపోయినట్టు నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండి, మనం మన పని చేసుకోలేమా అని సీట్లో కూర్చుని ఒక పాత ఫైలు తెరిచాను. తల తోకా తెలియలేదు. అబ్బ, ఇంత బుర్ర పెట్టి ఎవరు రాశారు తల్లీ అని ఫైలు మొదటికి వెళ్ళి చూస్తే రాసినవాళ్ళ చోట నా పేరే ఉంది.

మర్చిపోవడం ఎవరికైనా మామూలే. భోజనాల వేళకి బాబాయి వచ్చేశాడు.

మార్చి 17, మంగళవారం

చెల్లి డ్యూటీ మధ్యలోంచి నేరుగా మా ఇంటికి వచ్చేసింది. నర్సు యూనిఫాం కూడా మార్చుకోలేదు. చెప్పులతోనే వంటింట్లోకి నడిచి గట్టు పట్టుకుని నిలబడింది. కూర్చోబెట్టి నీళ్ళు తాగించాక చెప్పింది.

ఐసీయూలో ఒక టైలరు. ఆపరేషన్ అయి కోలుకుంటున్నాడు. బీపీ మందు పంపు మీద నడుస్తోంది. స్కానింగుకి తీసుకెళ్ళేటప్పుడు పంపు ప్లగ్గు పీకారు, బ్యాటరీ మీద నడిచింది. తిరిగొచ్చాక చెల్లే మళ్ళీ గోడకి పెట్టింది. పక్క మంచం దాకా వెళ్ళి వచ్చేలోపు అలారాలు మోగిపోయాయి. టైలరుకి బీపీ అందడం లేదు. స్పృహ లేదు. పంపు స్క్రీన్ మీద ఉన్న వేగం చెల్లి పెట్టినది కాదట.

"అది పొద్దున వార్డుకి పంపేసిన తాతగారి నంబరక్కా! అదే పంపు, అదే మంచం. ఆయనకి నేనే పెట్టాను, నాకు తెలీదా? మళ్ళీ అది ఎలా వచ్చి కూర్చుంది అక్కడ?"

"మరి ఏమంటున్నారు?"

"ఏమంటారు? నేనే తప్పు నొక్కానంటున్నారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. లైసెన్సు పోతుందేమో అక్కా. ఆ మనిషి బతుకుతాడా?"

ఆ పంపు మా కంపెనీదని చెల్లికి తెలుసు. ఆ భాగం వినిపించింది నేనేనని తెలియదు. చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఇంకా కంగారు పడుతుంది.

మార్చి 18, బుధవారం

ఆసుపత్రి నుంచి కంపెనీకి ఉత్తరం వచ్చింది. ఒకటే ప్రశ్న. ఎవరూ నొక్కకుండా ఈ పంపు తనంతట తానే వేగం మార్చుకునే అవకాశం ఉందా? వచ్చే సోమవారంలోగా జవాబు కావాలి.

మేనేజరు నన్ను పిలిచాడు. "వినిపించింది మీరే కాబట్టి మీరే చూసి చెప్పేయండి మేడమ్. మీరు చదివారంటే ఇక తిరుగుండదు."

ఆ నర్సు మా చెల్లెలని చెప్పలేదు. చెబితే ఈ పని ఇంకెవరికో ఇస్తారు. ఇంకెవరో అయితే చేతులు దులుపుకుంటారు. నేనైతే తప్పు ఎక్కడున్నా పట్టుకుంటాను. పట్టుకుని చెల్లిని బయటపడేస్తాను. తన కోడ్‌లో తప్పు దొరకాలని దణ్ణాలు పెట్టుకున్న ప్రోగ్రామరు ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో.

బాబాయిని అడిగాను. అవకాశం లేదన్నాడు, కారణాలతో సహా.

సరిగ్గా చూడు, తప్పు ఉంది అన్నాను. క్షమించండి, మీరు చెప్పింది నిజం, తప్పు ఉంది అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. ఎక్కడ అంటే ఒక చోటు చూపించాడు. ఆ చోటు మా కోడ్‌లో అసలు లేదు. ఇది మాది కాదే అన్నాను. క్షమించండి, మీరు చెప్పింది నిజం, తప్పేమీ లేదు అన్నాడు.

ఉందంటే ఉంది, లేదంటే లేదు. సాయంత్రం దాకా ఇదే తంతు.

మార్చి 19, గురువారం

నేనే చదవాలని కూర్చున్నాను. స్క్రీన్ మీద బాబాయి కిటికీ మూసేశాను.

ఒక వరస చదివి కింది వరసకి వెళ్ళేసరికి పైది జారిపోతోంది. మళ్ళీ పైకి. మళ్ళీ కిందికి. అక్షరాలన్నీ తెలిసినవే, మాటలన్నీ తెలిసినవే, కలిపితే ఏమీ తోచదు. నా వేలు దానంతట అదే బాబాయిని పిలిచే బటన్ మీదికి వెళ్ళి కూర్చుంటోంది. రెండుసార్లు తీశాను. మూడోసారి తీయలేదు.

నిద్ర చాలక ఇలా ఉంది. చెల్లి గదిలో అటూ ఇటూ నడుస్తూ ఉంటే ఎవరికి పడుతుంది నిద్ర?

ఇంతలో ఒక ఆలోచన తట్టింది. అసలు పంపు ఒకటి పెట్టుకుని ప్లగ్గు పీకి పెడితే తేలిపోతుంది కదా! ఒకప్పుడు మాకు బల్ల నిండా పంపులుండేవి. టెస్టులన్నీ స్క్రీన్ మీదికి మారాక అవి ఎటు పోయాయో తెలియదు. రిసెప్షన్లో గాజు బీరువాలో ఉన్నది బొమ్మ, లోపల మోటారు లేదు. ఫ్యాక్టరీ నుంచి ఒకటి తెప్పించమని మేనేజర్ని అడిగాను.

"ఎందుకు మేడమ్? టెస్టులన్నీ పాసై పచ్చగానే ఉన్నాయిగా?"

"ఆ టెస్టులు రాసిందీ బాబాయే కదండీ. కోడ్ రాసినవాడే పరీక్ష పేపరూ రాస్తే..."

"తెప్పించడం ఎంతసేపు, కానీ ఒక మాట వినండి. ఇప్పుడు మనం పంపు అడిగామనుకోండి, మనకే అనుమానం ఉన్నట్టు కాగితం మీద ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే ముందు మీ సంతకమే చూస్తారు. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను.

మార్చి 20, శుక్రవారం

సెలవు పెట్టి మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకి కళ్ళు బాగా దెబ్బతిన్నాయి. మనిషి ఆకారం కనిపిస్తుందట, అక్షరం ఆనదట. నా గొంతు వినగానే "ఎవరూ, మా మైకే!" అన్నారు. ఆఫీసులో నాకు ఆయన పెట్టిన పేరు అది. వినిపింపులో నా గొంతు కారిడార్ దాకా వినపడేదని.

చెల్లి సంగతి చెప్పాను. జవాబు రాసేది ఆ నర్సు అక్కేనని ఈ భూమ్మీద మా ఇద్దరికే తెలుసు ఇప్పుడు.

"కోడ్ తెచ్చావా? చదువు, వింటాను" అని కళ్ళు మూసుకున్నారు.

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాను. కాసేపటికే చెయ్యెత్తారు.

"ఇది కోడా?"

"కోడేనండి."

"కాదమ్మా. 'తగిన విధంగా భద్రపరుస్తుంది' అన్నావు. తగిన విధంగా అని మనుషులు అంటారు, కోడ్ అనదు. ఎవరో కోడ్ చూసి చెప్పిన ముచ్చట చదువుతున్నావు నువ్వు. కోడ్ చదువు."

సారాంశం మూసి కోడ్ తెరిచాను. చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, రాని భాషలో ప్రార్థన చదివినట్టు. ఆయన మళ్ళీ చెయ్యెత్తారు.

"కరెంటు తిరిగొచ్చాక మెషీను ఒక వేగం తీసుకుంది. ఎక్కణ్ణుంచి?"

"దాచిపెట్టిన చోటి నుంచండి."

"అక్కడ ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు?"

కోడ్‌లో పైకి వెళ్ళాను, కిందికి వచ్చాను. ఆయన తొందరపెట్టలేదు. చివరికి మాస్టారే మెల్లగా అడిగారు.

"ఒంట్లో బాగుండటం లేదామ్మా? ఇలాంటివి నువ్వు స్క్రీన్ చూడకుండా చెప్పేదానివి."

తిట్టినా బాగుండేది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "రోజులు మారాయి మాస్టారూ. ఇప్పుడెవరూ ఇలా ఒక్కో వరసా పట్టుకుని వేలాడరు. మీరు ఇంట్లో కూర్చుని ఎన్నైనా అంటారు" అనేశాను.

"మారనీ తల్లీ. కాదన్నానా? నాకు ఒక్క సంగతి కావాలి. ఆ నంబరు అక్కడ ఎప్పుడు దాస్తున్నారు? నర్సు వేగం మార్చిన ప్రతిసారీ దాస్తే మీ చెల్లి తప్పు. పేషెంటుని పంపేసేటప్పుడు మాత్రమే దాస్తే, మధ్యలో కరెంటు మారిందంటే ముందు మనిషి నంబరే పైకొస్తుంది. అప్పుడు మీ చెల్లి చెప్పింది అక్షరాలా నిజం. అంతే, ఆ ఒక్క చోటు నువ్వే చూడు. చూసి ఫోన్ చెయ్యి."

వాళ్ళావిడ టీ తెచ్చారు. తాగకుండానే వచ్చేశాను.

మార్చి 21, శనివారం

వెళ్ళి ఉండాల్సింది కాదు.

మాస్టారి ప్రశ్న బాబాయినే అడిగాను. వేగం మార్చిన ప్రతిసారీ దాస్తుందట. ఒక్క ముక్కలో తేల్చేశాడు. దీనికి అంత రాద్ధాంతం!

నేనూ చూశాను ఆ చోటు. దాచే వరస కనిపించింది. అది డిశ్చార్జ్, అంటే పేషెంటుని పంపేయడం, అన్న పేరున్న కోడ్ ముక్క లోపల ఉంది. ఇదేమిటి అని బాబాయిని అడిగితే, అది ఉట్టి పేరేనని, పాత కాలంలో పెట్టిన పేరు అలాగే ఉండిపోయిందని, దాన్ని కోడ్‌లో అన్ని చోట్ల నుంచీ పిలిచి వాడతారని చెప్పాడు. సబబుగానే ఉంది. అన్ని చోట్లూ అంటే ఏ చోట్లో వెతకడం మొదలుపెట్టాను గాని తల దిమ్మెక్కింది.

మాస్టారు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

మార్చి 22, ఆదివారం

చెల్లికి చెప్పేశాను. రేపు నా జవాబు వెళ్ళాక ఆసుపత్రివాళ్ళ నోటమ్మట వినేకంటే నా నోటమ్మట వినడం మంచిదనిపించింది.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఏదో ఒకటి తరుగుతూనే ఉంటుంది, ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందంటుంది. పక్కన నిలబడి, నాకు ఈ పని అప్పగించారని, ఆ భాగం నా చేతుల మీదుగానే వెళ్ళిందని, మొత్తం మళ్ళీ చూశానని, పంపు తనంతట తాను నంబరు మార్చదని చెప్పాను.

కత్తి ఆపింది.

"కానీ అది తాతగారి నంబరక్కా. నాకు బాగా గుర్తు."

"గుర్తున్నట్టు అనిపిస్తుంది. పొద్దున దాకా అదే నంబరు చూసిన కళ్ళాయె. కంగారులో వేలు అదే నొక్కేసి ఉంటుంది. పనిచేసే మనిషికి ఇది జరగనిదేం కాదు."

ఈ వాక్యం కూడా బాబాయి నాకు చెప్పిందే. బాగా కుదిరింది.

నావంక చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పొస్తే నా దగ్గరికి తెచ్చేది, అదే చూపు.

"నువ్వే చదివావా? నీ కళ్ళతో?"

"నేనే."

"ప్రతి వరసా?"

"ప్రతి వరసా. ఇంకొకళ్ళనైతే నమ్మను గాని నీ విషయంలో నేను ఊరుకుంటానా?"

"ఊరుకోవులే." తల దించుకుంది. "నువ్వే చదివావంటే ఇక అనుకోవడానికేముంది. అయితే నేనే నొక్కి ఉంటాను."

"ఏం కాదులే. నేనున్నానుగా."

"నేనే నొక్కి ఉంటానక్కా" అంది మళ్ళీ, అలవాటు చేసుకుంటున్నట్టు. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ఉల్లిపాయలు ఘాటువి.

మార్చి 23, సోమవారం

జవాబు పంపాను. చెల్లి కూడా తన పొరపాటేనని రాసిచ్చింది. ఒప్పుకుంటే ఉద్యోగం పోయినా లైసెన్సు జోలికి రామన్నారట. మేలే జరిగింది.

మార్చి 25, బుధవారం

టైలరు పోయాడు.

మార్చి 29, ఆదివారం

చెల్లి ఏమీ తినడం లేదు.

ఏప్రిల్ 6, సోమవారం

మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. ఎత్తాను. "చూశావా?" అన్నారు. చూశానండి, మార్చిన ప్రతిసారీ దాస్తోంది అన్నాను. "ఆ వరస చదువు, ఒక్కసారి వింటాను" అన్నారు. ఆఫీసులో మీటింగు ఉందని పెట్టేశాను. మీటింగు ఉంది కూడా. కొత్త మోడల్ వినిపింపుకి పేర్లు రాస్తున్నారు. నా పేరే మొదటిది. నేనుంటే అందరికీ ధైర్యమట.

ఏప్రిల్ 13, సోమవారం

చెల్లి ఇంకో చోట చేరనంటోంది. సీసా మీద మందు పేరు తను సరిగ్గా చదువుతుందో లేదో తనకే నమ్మకం లేదట. ఇంట్లో కూడా అలాగే ఉంది. స్టవ్ ఆపి నన్ను పిలుస్తుంది. "ఆపానా అక్కా? నువ్వు ఒకసారి చూడు." కూరలో ఉప్పు వేసి, వేశానా అంటుంది. తలుపు గడియ పెట్టి, పెట్టానా అంటుంది. ఇవాళ పొద్దున తన చేతిలో ఉన్న గ్లాసు చూపించి "ఇది నాదేనా?" అంది. నవ్వించడానికి "కాదు, దొంగతనం చేశావు" అన్నాను. వెంటనే కింద పెట్టేసింది.

నాకు భయం వేసింది. ఎంత భయమంటే, ఆఫీసుకి వెళ్ళగానే బాబాయిని ఇలాంటివాళ్ళతో ఎలా మాట్లాడాలని అడిగాను. ఓపికగా ఉండమన్నాడు. తన మీద తనకి నమ్మకం కలిగేలా చిన్న చిన్న పనులు అప్పగించమన్నాడు. మంచి సలహా.

ఏప్రిల్ 22, బుధవారం

వేరే ఊరి ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. అదే పంపు. వార్డు మార్చేటప్పుడు ప్లగ్గు పీకి పెట్టారు. ఈసారి మనిషి బతికాడు. అక్కడి నర్సు చేత్తో రాసిన కాగితం జతపరిచారు. "స్క్రీన్ మీద వచ్చినది నేను పెట్టిన వేగం కాదు. అంతకు ముందు ఆ మంచం మీద ఉన్నామెకి పెట్టినది" అని ఉంది అందులో.

ఆ రెండు వాక్యాలూ చదివాను. మళ్ళీ చదివాను. ఇవి మాత్రం జారిపోవడం లేదు. మేనేజరు దగ్గరికి వెళ్ళి ఏదో ఒకటి చెప్పేద్దామని లేచాను కూడా. ఏం చెప్పాలి? చదవలేదని చెప్పాలా? ఎన్నాళ్ళ నుంచి చదవలేదని చెప్పాలి? మొన్న మొదటి పేరుగా సంతకం పెట్టిన కొత్త మోడలు సంగతేమిటి? కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంటికి వచ్చేశాను, ఇక్కణ్ణుంచే పని చేస్తానని. ఫిర్యాదు బాబాయికి ఇచ్చాను. జవాబు క్షణంలో తయారైంది. దాన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"ఇటువంటి సంఘటనపై ఇంతకు ముందే విచారణ జరిగింది. యంత్రంలో లోపం లేదని, కోడ్‌ను ప్రతి వరసా స్వయంగా చదివిన సీనియర్ ఇంజనీరు ధ్రువీకరించారు. సంబంధిత నర్సు కూడా అది తన పొరపాటేనని లిఖితపూర్వకంగా అంగీకరించారు. కనుక ప్రస్తుత సంఘటనకు కూడా అదే కారణమై ఉండవచ్చు."

ఆ ఇంజనీరూ ఆ నర్సూ ఒక్క ఇంట్లో అన్నం తింటున్నారని బాబాయికి తెలియదు. తెలిసినా ఇలాగే రాసేవాడు.

చెల్లి టీ పట్టుకొచ్చింది. చక్కెర వేశానో లేదో చూడమంది. వేసింది. నా భుజం మీంచి స్క్రీన్ వైపు చూసింది.

"ఆఫీసు పనా?"

"ఊఁ. ఇంకో ఊళ్ళో ఇలాగే జరిగిందట."

"ఎవరిదట తప్పు?"

కప్పు కింద పెట్టాను.

"నర్సుదే" అన్నాను.

"అయ్యో పాపం." కప్పు నా చేతికి దగ్గరగా జరిపింది. "తను కాదు కాదంటూ ఉండి ఉంటుంది. నేనూ అంతేగా మొదట్లో. ఒప్పేసుకోమని చెప్పక్కా. ఒప్పేసుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది."

ఆ మాట జవాబులో రాయడానికి వీల్లేదు. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు పంపేశాను.